వింటే వస్తుంది, చదివితే రాదు: ఎనిమిదో తరగతి విద్యార్థిని కేస్ స్టడీ

హైస్కూల్లో చదవడం సరిగా రాని పిల్లలు కనిపిస్తే మనవాళ్ళు సాధారణంగా రెండు మాటల్లో ఏదో ఒకటి అంటారు. "ముందు అక్షరాలు రానివ్వండి, పాఠాల సంగతి తర్వాత చూద్దాం" అనేది మొదటిది. "ఈ వయసులో ఇంక అక్షరాలేం నేర్పుతాం, ఎలాగోలా గట్టెక్కిద్దాం" అనేది రెండోది. సహిత విద్య (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకూ మామూలు బడిలోనే చదువు) రిసోర్స్ టీచర్‌గా హైస్కూళ్ళకు వెళ్ళే నేను ఈ రెండింటినీ ఒప్పుకోను. మొదటి మాట వింటే పిల్ల సైన్సు, సోషల్ వెనకబడిపోతాయి. రెండో మాట వింటే జీవితాంతం చదవలేని మనిషిగా మిగిలిపోతుంది. అక్షరాల పని, పాఠాల పని రెండూ ఒకే రోజు మొదలవ్వాలి, రెండూ పక్కపక్కనే నడవాలి. ఒక అమ్మాయి విషయంలో దాన్ని ఎలా చేశామో, ఎంతవరకు పనిచేసిందో ఇక్కడ రాస్తున్నాను. తల్లి అనుమతి తీసుకున్నాను. పేరు, గుర్తుపట్టే వివరాలు మార్చాను. తనని ఇక్కడ సుజాత అంటాను.

ఎవరికీ అనుమానం రాని పిల్ల

సుజాత 2024లో ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. వయసు పదమూడు. ప్రభుత్వ హైస్కూలు. అల్లరి చేయదు, బడి మానదు, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. నోట్‌బుక్కులు తీసి చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు. అసలు ఇన్నేళ్ళు ఎవరికీ పట్టుబడకపోవడానికి కారణం ఆ నోట్‌బుక్కులే. బోర్డు మీద ఉన్నది చూసి ఒక్కో అక్షరాన్నీ బొమ్మ గీసినట్టు దించుకునేది. తాను రాసిన పేజీనే చదవమంటే తలవంచుకుని నిలబడేది.

టీచర్ల అభిప్రాయం దాదాపు ఒకటే: "మంచి పిల్లేనండీ, కాకపోతే చదువు ఎక్కదు." సోషల్ సారు మాత్రం ఒక మాట అదనంగా చెప్పారు. "క్లాసులో ప్రశ్న అడిగితే నోటితో చక్కగా చెప్తుంది మేడమ్. పేపరు మీద మాత్రం ఏమీ ఉండదు. బద్ధకమేమో అనుకున్నా." ఆ ఒక్క మాటే నన్ను ఈ పిల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. నోటికీ పేపరుకీ మధ్య అంత తేడా ఉన్న ప్రతిచోటా ఆగి చూడాల్సిందే.

తెలివి ఉన్నా, బోధన అందినా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. దాని గురించి వైద్య పత్రికల్లో వచ్చిన తొలి వర్ణనల్లో ఒకటి కూడా హైస్కూలు వయసు పిల్లాడిదే. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే బ్రిటిష్ డాక్టరు 14 ఏళ్ళ అబ్బాయి గురించి రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, కానీ చదవలేడు. చదువంతా నోటితోనే చెప్తే బడిలో వీడే అందరికంటే తెలివైనవాడవుతాడని వాళ్ళ మాస్టారు అన్నట్టు ఆ వ్యాసంలో ఉంది. నూట ఇరవై ఏళ్ళు దాటాక మన సోషల్ సారు ఇంచుమించు అదే గమనించారు.

ఏం చూశాం, ఎలా చూశాం

ముందు కళ్ళు, చెవులు. రెండూ పరీక్ష చేయించాం, ఇబ్బంది లేదు. తర్వాత తల్లితో మాట్లాడాను. పిల్ల మాటలు రావడం కాస్త ఆలస్యమైందట. ఒకటో తరగతిలో తోటివాళ్ళంతా గుణింతాలు అప్పజెబుతుంటే ఈ పిల్ల కూడా అప్పజెప్పేది, కానీ మధ్యలో ఒక అక్షరం చూపించి ఇదేంటంటే చెప్పలేకపోయేది. "మా తమ్ముడూ ఇంతే మేడమ్, ఏడుతో మానేశాడు. తెలివితక్కువవాడేం కాదు, ఇప్పుడు వైరింగ్ పని చేస్తాడు" అందామె. డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి ఈ సమాచారం చాలా ముఖ్యం. అడగకపోతే ఎవరూ చెప్పరు.

ఈ తరం పిల్లల విషయంలో కరోనా లెక్క తప్పనిసరిగా వేసుకోవాలి. 2020 మార్చిలో బడులు మూసేటప్పటికి సుజాత మూడో తరగతి. అక్షరాలు కుదురుకునే వయసులోనే చదువు ఆగిపోయింది. మరి ఇది బోధన అందకపోవడం వల్ల వచ్చిన వెనకబాటా, లేక పిల్లలోనే ఉన్న ఇబ్బందా? తోటివాళ్ళకీ అదే విరామం వచ్చింది, కానీ బడులు తెరిచాక వాళ్ళలో చాలామంది కోలుకున్నారు. సుజాతకి మాత్రం ఇబ్బంది విరామానికి ముందే ఉంది, విరామం తర్వాతా తగ్గలేదు. ఈ రెండూ తెలియకుండా పిల్లకి ఏ పేరూ పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

చదివించి చూసినప్పుడు నాలుగో తరగతి స్థాయి పేరా ఇచ్చాను. నిమిషానికి పాతిక పదాలు కూడా దాటలేదు. తప్పుల్లో ఒక పద్ధతి ఉంది. సరళమైన అక్షరాలు దాదాపు సరిగానే చదివింది. గుణింతాల్లో దీర్ఘాలు ఎగిరిపోయాయి, ఎత్వం ఏత్వం కలిసిపోయాయి. వత్తులు వచ్చిన చోటల్లా ఆగిపోయింది, లేదా వత్తు వదిలేసి ముందుకు వెళ్ళింది. సగం చదివి మిగతాది ఊహించడం కూడా ఎక్కువ. సైన్సు పుస్తకంలో "ప్రత్యుత్పత్తి" అనే మాట చూపిస్తే "పశుపతి" అంది. మొదటి అక్షరం, చివరి అక్షరం చూసి తనకు తెలిసిన మాట ఒకటి తగిలించింది.

ఊహించడానికి వీల్లేకుండా అర్థంలేని మాటలు కొన్ని రాసిచ్చాను: మిలకు, తుర్బలి, గొస్నెడు లాంటివి. మొదటిది చదివింది, మిగతావి కుదరలేదు. ధ్వనులతో ఆడించి చూశాను. "పలకలో ల తీసేస్తే ఏం మిగులుతుంది?" అంటే చాలాసేపు ఆలోచించి "పక" అంది. "బడిలో బ బదులు గ పెడితే?" అంటే తేల్చుకోలేకపోయింది. రోజూ చూసే వస్తువుల బొమ్మలు వరసగా పెట్టి గబగబా పేర్లు చెప్పమంటే, అన్నీ తెలిసినా, తడుముకుంటూ చెప్పింది. ధ్వనులను విడదీయడంలో ఇబ్బంది, పేర్లు వేగంగా అందకపోవడం, ఈ రెండూ కలిసి ఉన్న పిల్లలకు చదవడం మరింత కష్టమవుతుందని పరిశోధకులు మేరియన్ వుల్ఫ్, ప్యాట్రీషియా బవర్స్ 1999లో ప్రతిపాదించారు. సుజాతలో రెండూ ఉన్నాయి.

ఇంత చేశాక అసలు పరీక్ష. ఎనిమిదో తరగతి సోషల్ పాఠంలో రెండు పేజీలు నేనే చదివి వినిపించాను. తర్వాత ప్రశ్నలడిగాను. పాఠంలో నేరుగా ఉన్నవే కాదు, "అలా ఎందుకు జరిగి ఉంటుంది" లాంటివి కూడా. తడుముకోకుండా చెప్పింది. ఒకచోట నేను అడగని విషయం కూడా కలిపి చెప్పింది. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలు విప్పగలగడం, భాష అర్థం కావడం, ఈ రెండింటి గుణకారం అని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ఒక సూత్రం చెప్పారు. కూడిక అనకుండా గుణకారం అనడంలోనే విషయమంతా ఉంది. ఒకటి సున్నాకి దగ్గరైతే రెండోది ఎంత గొప్పగా ఉన్నా ఫలితం సున్నాకి దగ్గరే. సుజాతలో రెండోది గట్టిగా ఉంది. మొదటిది దెబ్బతింది. ఇది తేలాక ఎవరూ బద్ధకం అనే మాట ఎత్తలేదు.

తెలుగులో ఈ ఇబ్బంది ఎలా కనిపిస్తుంది

ఇంగ్లిష్ గురించి రాసిన లక్షణాల జాబితాలు చూసి మన పిల్లలను అంచనా వేయడం కుదరదు. ఇంగ్లిష్‌లో ఒకే అక్షరం పది రకాలుగా పలుకుతుంది కాబట్టి పిల్లలు ఎక్కువగా తప్పు చదువుతారు. తెలుగులో రాసినట్టే పలుకుతాం. అందుకని ఇక్కడ నెమ్మది ముందు కనిపిస్తుంది, తప్పులు తర్వాత. కూడబలుక్కుని చివరికి సరిగానే చదివే పిల్లని "చదువుతుందిగా, ఏం ఫర్వాలేదు" అని వదిలేసే ప్రమాదం అక్కడే ఉంది.

రెండో సంగతి గుర్తుల సంఖ్య. అచ్చులు, హల్లులు నేర్చుకుంటే పని అయిపోదు. ప్రతి హల్లుకీ గుణింతం, దాని కింద వత్తు, వత్తుతో కూడిన గుణింతం. గుర్తులు కుడిపక్క, పైన, కింద ఎక్కడైనా ఉంటాయి. ప, ఫ, ష, వ, మ లాంటివి చూపుకి దగ్గరదగ్గరగా ఉంటాయి. మామూలు పిల్లలకే ఇదంతా చేతికి రావడానికి ప్రాథమిక తరగతులు దాదాపు మొత్తం పడతాయి. సుజాత లాంటి పిల్లలు హైస్కూలుకి వచ్చేసరికి సరిగ్గా వత్తుల దగ్గర ఇరుక్కుని ఉంటారు. అదే సమయంలో పాఠ్యపుస్తకాలు సంస్కృత పదాలతో నిండిపోతాయి. కిరణజన్య సంయోగక్రియ, సూక్ష్మజీవులు, న్యాయవ్యవస్థ, ప్రత్యుత్పత్తి. పిల్లకి కష్టమైనవే పాఠానికి ముఖ్యమైన మాటలు.

అక్షరాల పని

పదమూడేళ్ళ పిల్ల చేతిలో ఒకటో తరగతి వాచకం పెట్టకూడదు. క్లాసులో ఎవరైనా చూస్తే ఆ పిల్ల ఇంక మన దగ్గరికి రాదు. అందుకని నేర్పేదంతా తన ఎనిమిదో తరగతి పుస్తకాల్లోని మాటలతోనే నేర్పాం.

"ప్రత్యుత్పత్తి"తో ఎలా చేశామో చెప్తాను. నాలుగు చీటీల మీద నాలుగు అక్షరాలు పెద్దగా రాశాం: ప్ర, త్యు, త్ప, త్తి. వత్తులన్నీ వేలితో మూసి చదవమన్నాను. "ప, తు, త, తి." ఇబ్బంది లేకుండా చదివింది. ఇప్పుడు మొదటి చీటీ మీద వేలు తీశాం. కింద ఎడమవైపు నుంచి చుట్టుకున్న రవత్తు కనిపించింది. "ప్ర." రెండోదానిలో యవత్తు. "త్యు." అలా ఒక్కో వత్తునీ వదులుతూ నాలుగూ చదివి, చీటీలు దగ్గరకు జరిపి, మాట మొత్తం పలికింది. వెంటనే "అదే కదా టీచర్, జంతువులు పిల్లల్ని పెట్టే పాఠం!" అంది. మాట అర్థం తనకు ఎప్పుడో తెలుసు. క్లాసులో విన్నది. పేజీ మీద ఉన్నది ఆ మాటేనని ఇప్పుడు తెలిసింది.

ఆ తర్వాత వత్తులను కుటుంబాలుగా తీసుకున్నాం. ఒక వారమంతా యవత్తే: న్యాయం, సత్యం, ధ్యానం, సామ్యం. అది కుదిరాక రవత్తు. తర్వాత ఒకే అక్షరానికి అదే వత్తు వచ్చేవి. చదివిన మాట వెంటనే రాయాలి, రాస్తూ పైకి పలకాలి. చూసి రాయడం పూర్తిగా ఆపేశాం, ఎందుకంటే తనకు అలవాటైన ముసుగే అది. విని రాయాలి. మొదట్లో అందమైన దస్తూరి కాస్త చెదిరింది, పిల్ల బాధపడింది కూడా. దస్తూరి కన్నా వత్తు ముఖ్యమని ఓపికగా చెప్పాం. ధ్వనిని, రూపాన్ని, చేతి కదలికని కలిపి ఒక క్రమంలో నేర్పే ఈ పద్ధతికి మూలాలు అమెరికాలో చదవలేని పిల్లలతో పనిచేసిన ఆర్టన్, గిల్లింగ్‌హామ్‌ల 1930ల నాటి పనిలో ఉన్నాయి. గుణింతాలకీ వత్తులకీ దాన్ని మనమే మలుచుకోవాలి.

వేగం కోసం ఒకే పేరాని మళ్ళీ మళ్ళీ చదివించాం. 1979లో జే శామ్యూల్స్ చెప్పిన పద్ధతి ఇది. కొత్త పేరా రోజూ ఇవ్వడం కన్నా ఒక పేరా తడుముకోకుండా వచ్చేదాకా చదవడం మేలు. పేరా తానే ఎంచుకోవాలని షరతు పెట్టాం. పేపర్లో ఆటల పేజీ ఎంచుకుంది, అందులోనూ కబడ్డీ. ఎవరు గెలిచారో తెలుసుకోవాలన్న ఆత్రం వల్ల ఎంత వత్తున్న పేరునైనా వదలకుండా చదివేది.

ఇంట్లో ఎవరో రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు చేయిస్తే తగ్గుతుందని చెప్పారట, తల్లి అడిగింది. వద్దన్నాను. డిస్లెక్సియా కంటి జబ్బు కాదని, అలాంటి చికిత్సలకు తగిన ఆధారం లేదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, కంటి వైద్యుల సంఘాలు కలిసి 2009లోనే ప్రకటించాయి. ఆ డబ్బూ, ఆ ఆశా రెండూ వృథా కాకూడదు.

పాఠం ఆగకుండా

అక్షరాల పనికి నెలలు పడుతుంది. అంతవరకు సుజాత సైన్సు, సోషల్ ఆగిపోతే పిల్ల పదో తరగతికి చేతిలో ఏమీ లేకుండా వెళ్తుంది. స్టానోవిచ్ అనే పరిశోధకుడు 1986లో వివరించినట్టు, చదవలేనివాళ్ళు తక్కువ చదువుతారు, తక్కువ చదవడం వల్ల మాటలు, విషయాలు తక్కువ తెలుస్తాయి, దాంతో చదవడం ఇంకా కష్టమవుతుంది. దీన్ని తెంచాలంటే చెవి ద్వారా పాఠం అందాలి.

ఇప్పటి ద్విభాషా పుస్తకాలు ఇందులో సాయపడ్డాయి. ఎదురెదురు పేజీల్లో ఇంగ్లిష్, తెలుగు ఉంటాయి కాబట్టి తెలుగు పేజీ మీద వేలు పెట్టుకుని వినొచ్చు. పాఠాల పక్కన ఉన్న క్యూఆర్ కోడ్‌తో దీక్షా యాప్‌లో వీడియోలు దొరికాయి. అన్నిటికీ కాదు. లేనివాటికి క్లాసులో గట్టిగా చదవడం ఇష్టపడే ఇద్దరు పిల్లలు పాఠం చదివి ఫోన్లో రికార్డు చేశారు. సుజాత సాయంత్రం తల్లి ఫోన్లో అది వింటూ పుస్తకం చూసేది. ఊరికే వినడం కాదు, కళ్ళు అక్షరాల మీద ఉండాలి. ఇది చదవడానికీ పనికొచ్చింది, పాఠానికీ పనికొచ్చింది.

టీచర్లను అడిగినవి చిన్నవే. బోర్డు మీద ఉన్నదంతా దించుకోమనకుండా, ముఖ్యమైన మాటల దగ్గర ఖాళీలు వదిలిన కాగితం ఇవ్వండి. హఠాత్తుగా లేపి చదవమనకండి; రేపు ఫలానా పేరా చదవాలని ఈరోజే చెప్పండి, ఇంట్లో సాధన చేసుకుని వస్తుంది. ప్రశ్నపత్రం ఒకసారి పైకి చదివి వినిపించండి. వత్తు తప్పుకి మార్కు కోయకండి, విషయానికి మార్కు వేయండి.

లెక్కల మేడమ్ సూటిగా అడిగారు: "ఒక్కరికే ఇన్ని చేస్తే మిగతావాళ్ళకి అన్యాయం కాదా?" న్యాయమైన ప్రశ్నే. లెక్కల పరీక్షలో మనం కొలవాల్సింది లెక్క వచ్చా రాదా అన్నది. "ఒక దీర్ఘచతురస్రాకార స్థలం చుట్టుకొలత" అనే వాక్యం చదవలేక లెక్క వదిలేస్తే మనం లెక్కను కొలవనట్టే. తర్వాతి స్లిప్ టెస్టులో ఆవిడ ప్రశ్నలు క్లాసు మొత్తానికీ పైకి చదివారు. సుజాతతో పాటు వెనక బెంచీల్లో మరికొందరు కూడా లెక్కలు మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను అడగకుండానే అలా చేస్తున్నారు.

చట్టం, సర్టిఫికెట్

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది, వాటిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. అదనపు సమయం, స్క్రైబ్ (పిల్ల చెప్తే జవాబు రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి సవరణలు చేయాలని అదే చట్టం 17వ సెక్షన్ చెప్తోంది. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ళ దగ్గర ఆగిపోతుంది, కానీ 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్య హక్కు 18 ఏళ్ళ దాకా ఉంటుంది. తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ చివరి సంగతి తెలియదు.

వైకల్య సర్టిఫికెట్ ప్రభుత్వ వైద్య బోర్డు నుంచి రావాలి. అపాయింట్‌మెంట్లు, సైకాలజిస్టు పరీక్షలు, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే గుర్తింపు కార్డు), ఇవన్నీ పూర్తవడానికి చాలా సమయం పడుతుంది. పదో తరగతి డిసెంబరులో గుర్తొస్తే అందదు. ఎనిమిదిలోనే మొదలుపెట్టమని నేను పట్టుబట్టాను. తల్లికి మొదట భయం వేసింది. "రేపు పెళ్ళి సంబంధాలప్పుడు ఆ కాగితం అడ్డమైతే మేడమ్?" అంది. ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. బడి రికార్డు గోప్యంగా ఉంటుందని, ఆ కాగితం ఎక్కడ చూపించాలో వద్దో వాళ్ళ ఇష్టమేనని చెప్పాను. వాళ్ళ తమ్ముడు, ఏడుతో మానేసిన ఆయనే, ఒప్పించాడు. "నాకప్పుడు ఇలాంటిది ఉంటే బాగుండేది అక్కా" అన్నాడట.

భాష మినహాయింపు గురించి తొందరపడలేదు. హిందీ మూడో లిపి, అందులో సుజాత దాదాపు ఏమీ చదవలేదు. అయినా ఇంటర్‌లో, ఆ తర్వాత ఏం చదవాలనుకుంటుందో తేలకుండా ఒక భాష వదిలేయడం సరికాదనిపించింది. తొమ్మిదో తరగతిలో పిల్లని కూడా కూర్చోబెట్టి తేల్చాలని నిర్ణయించాం.

ఎంత మారింది, ఏం మారలేదు

ఏడాది చివరికి నాలుగో తరగతి పేరా వేగం రెట్టింపు దాటింది. తన తరగతితో పోలిస్తే ఇప్పటికీ నెమ్మదే, బహుశా ఎప్పటికీ కొంత నెమ్మదిగానే ఉంటుంది. తెలిసిన పాఠంలోని వత్తులు తడుముకోకుండా చదువుతుంది. కొత్త మాట ఎదురైతే ఇప్పటికీ ఆగుతుంది, కానీ ఊహించి దాటేయకుండా వత్తు మీద వేలు పెట్టుకుని విడదీసుకుంటుంది. నాకు అన్నిటికన్నా విలువైన మార్పు ఇదే. ఏడాది చివరి పరీక్షలో సైన్సు, సోషల్ పాసైంది, సోషల్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఇంగ్లిష్‌లో కదలిక చాలా తక్కువ, హిందీలో లేదు. దీర్ఘాలు రాయడంలో తప్పులు అలాగే ఉన్నాయి.

క్లాసులో ఇంకా తనంతట తాను చెయ్యెత్తి చదవదు. చదవమని బలవంతం చేయవద్దని టీచర్లకు చెప్పాను. ఎత్తాలనిపించినప్పుడు ఎత్తుతుంది.

తొమ్మిదో తరగతికి టీచర్లు మారతారు, కాబట్టి ఒకే ఒక్క పేజీ కాగితం రాసి హెచ్‌ఎం దగ్గర పెట్టాం. దాని మొదటి వాక్యం సుజాతే చెప్పింది, నేను రాశాను: "నాకు పాఠం వింటే అర్థమవుతుంది, ప్రశ్న ఒకసారి పైకి చదవండి." దాని కింద అయిపోయిన వత్తుల జాబితా, మిగిలినవాటి జాబితా, రికార్డు చేసిన పాఠాలు ఎవరి దగ్గరున్నాయో, సర్టిఫికెట్ పని ఎక్కడిదాకా వచ్చిందో ఉన్నాయి. స్క్రైబ్‌కి చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. జవాబు మనసులో అమర్చుకుని, ఎక్కడ ఆపాలో, ఎక్కడ కొత్త పేరా వేయాలో చెప్పగలగాలి. ఆ సాధన జూన్‌లో, సోషల్ పాఠాలతో మొదలుపెడతాం.